దేవుణ్ణి రాజకీయాలకు దూరంగా ఉంచడం అంటే ఏమిటి?

తిరుమల లడ్డూ నెయ్యి వివాదం మీద 2024 సెప్టెంబరు 30న విచారణ జరుగుతుండగా సుప్రీంకోర్టు ధర్మాసనం ఒక మాట అంది. కనీసం దేవుళ్లనైనా రాజకీయాలకు దూరంగా ఉంచుతారని ఆశిస్తున్నామని. వినగానే ఎవరైనా అవునంటారు. కాస్త ఆగి ఆలోచిస్తే మాత్రం చిక్కు మొదలవుతుంది. తిరుమల తిరుపతి దేవస్థానం పాలకమండలిని వేసేది రాష్ట్ర ప్రభుత్వం. కార్యనిర్వహణాధికారిని పంపేదీ ప్రభుత్వమే. ఆ ఏర్పాటుకు ఆధారమైన చట్టం చేసింది శాసనసభ. రాష్ట్రంలో ప్రభుత్వం మారితే కొండమీద మండలి కూడా మారుతుంది. ఎన్నికల్లో గెలిచినవాళ్లు గుడి పాలకుల్ని ఎంపిక చేసే చోట, దేవుడు రాజకీయాలకు దూరంగా ఎలా ఉంటాడు?

ఈ విషయం మీద మనం వాదించుకునేటప్పుడు మూడు వేరువేరు సంగతుల్ని కలిపేస్తుంటాం. నమ్మకం ఉన్న మనిషో, అసలు లేని మనిషో ప్రజాప్రతినిధి కావడం ఒక సంగతి. ఆ మనిషి తన నమ్మకంలోంచి మాట్లాడటం, ఓట్లడగటం ఇంకో సంగతి. ప్రభుత్వం తన చట్టాన్ని, ఖజానాను, పోలీసుల్ని ఒక నమ్మకం కోసం వాడటం మూడోది. మొదటి రెండింటికీ తలుపులు తెరిచి ఉండాలని, మూడోదాని దగ్గర గట్టి కాపలా ఉండాలని నేను అనుకుంటాను. "మతం ఇంట్లో పెట్టుకోండి" అనేవాళ్లు మొదటి రెండు తలుపులూ మూసేస్తున్నారు. "లౌకికవాదం మనది కాదు" అనేవాళ్లు కాపలా తీసేయమంటున్నారు.

మూడోదానితోనే మొదలుపెడతాను. తెలుగువాళ్లకు బాగా తెలిసిన చిక్కు అక్కడే ఉంది.

తిరుమల ఆలయం 1801లో ఆర్కాటు నవాబు ఏలుబడి నుంచి ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. కంపెనీకి అదొక ఆదాయ వనరు. 1821లో ఆలయ నిర్వహణకు ఒక నిబంధనావళి కూడా తయారైంది. దాన్నే బ్రూస్ కోడ్ అంటారు. 1843లో కంపెనీ ఈ బాధ్యత వదులుకుని ఆలయాన్ని హాథీరాంజీ మఠం మహంతుకు అప్పగించింది. ఎందుకు వదులుకుంది? విగ్రహారాధన జరిగే గుళ్లను క్రైస్తవ ప్రభుత్వం నడపడం పాపమని ఇంగ్లండులోనూ ఇక్కడా మిషనరీలు ఏళ్ల తరబడి ఒత్తిడి చేశారు. ఇది గుర్తుంచుకోవాల్సిన విషయం. మన గుళ్ల నుంచి ప్రభుత్వం తప్పుకోవాలని గట్టిగా పట్టుబట్టిన తొలి వర్గం మత ప్రచారకులే. అమెరికాలో మతానికీ రాజ్యానికీ మధ్య గోడ ఉండాలని జెఫర్సన్ 1802లో రాసిన ఉత్తరం కూడా అంతే. అది నాస్తికులకు రాసిన ఉత్తరం కాదు. కనెక్టికట్‌లో అధికారిక చర్చి పెత్తనానికి భయపడుతున్న డాన్‌బరీ బాప్టిస్టులకు రాసింది. పక్కవాడి మతం చేతిలో రాజ్యం ఉంటే తమ మతానికి ఏమవుతుందో ముందుగా గ్రహించేది చిన్న మతాలవాళ్లే.

మళ్లీ ప్రభుత్వం కొండెక్కిన కారణం వేరు. మఠాల, ధర్మకర్తల చేతిలో గుడి ఆస్తులు దుర్వినియోగమవుతున్నాయన్న ఫిర్యాదులు మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా పెరిగాయి. 1920ల్లో పానగల్లు రాజా నాయకత్వంలోని జస్టిస్ పార్టీ ప్రభుత్వం హిందూ ధర్మాదాయ చట్టం తెచ్చింది. తిరుమలకు విడిగా చేసిన చట్టం ప్రకారం 1933లో మహంతుల పాలన పోయి కమిటీ వచ్చింది. ఇక 1987లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన దేవాదాయ చట్టం వంశపారంపర్య అర్చకత్వాన్ని రద్దు చేసింది. 1996లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థిస్తూ ఒక గీత గీసింది. గర్భగుడిలో చేసే పూజ మతం, అర్చకుణ్ణి ఎలా నియమించాలన్నది లౌకిక వ్యవహారం అని. 2007లో చట్టాన్ని సవరించి అర్చక కుటుంబాలకు కొంత వెసులుబాటు ఇచ్చారు. అంటే ఆ గీత ఎక్కడ గీయాలన్న తగవు అక్కడితో తీరలేదు.

రాజ్యాంగం ఈ పని చేయమనే చెప్పింది. 25వ అధికరణ మత స్వేచ్ఛ ఇస్తూనే, మతాచారాలతో ముడిపడిన ఆర్థిక, రాజకీయ, ఇతర లౌకిక కార్యకలాపాల్ని క్రమబద్ధం చేసే అధికారం ప్రభుత్వానికి ఇస్తుంది. హిందూ ఆలయాల తలుపులు అన్ని వర్గాల హిందువులకూ తెరిపించే చట్టాలకు కూడా అదే ఆధారం. మరి ఏది మతం, ఏది లౌకికం అని ఎవరు తేల్చాలి? 1954లో శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు ఒక మతానికి ఏది అత్యవసరమో ఆ మత సిద్ధాంతాల నుంచే తెలుసుకోవాలంది. వినడానికి బాగుంది. కానీ తర్వాతి దశాబ్దాల్లో న్యాయమూర్తులే గ్రంథాలు తిరగేసి, ఈ ఆచారం మీ మతానికి అత్యవసరం, ఇది కాదు అని తీర్పులివ్వడం మొదలైంది. అది పండితుల పని. కోర్టు అడగాల్సిన ప్రశ్న ఇంకోటి ఉంది. ఈ ఆచారం వల్ల ఎవరి హక్కుకైనా దెబ్బ తగులుతోందా అని. ఒక దళితుణ్ణి గడప దగ్గర ఆపడం తప్పని చెప్పడానికి ఆగమాలు తిరగేయక్కర్లేదు, 17వ అధికరణ చాలు.

డబ్బు దగ్గరకొస్తే ఇంకా తికమక. ఒక మతాన్ని పోషించడానికని ప్రత్యేకంగా పన్ను వేయకూడదని 27వ అధికరణ అంటుంది. అదే రాజ్యాంగంలో 290ఏ అధికరణ, కేరళ ఖజానా నుంచి ఏటా 46 లక్షల 50 వేల రూపాయలు తిరువాన్కూరు దేవస్వం నిధికి ఇవ్వమంటుంది. సంస్థానాల విలీనం నాటి ఒప్పందాల ఫలితం అది. హజ్ సబ్సిడీని పదేళ్లలో తీసేయమని సుప్రీంకోర్టు 2012లో చెబితే, 2018లో కేంద్రం దాన్ని ఆపేసింది. ఆంధ్రప్రదేశ్‌లో అర్చకులకు, ఇమామ్‌లకు, పాస్టర్లకు గౌరవ వేతనాలున్నాయి. అందరికీ ఇస్తున్నాం కాబట్టి లౌకికమే అన్నది ప్రభుత్వం వాదన. ఏ మతమూ లేని పౌరుడికి, లేదా ఈ మూడింటిలోనూ చేరని మతం ఉన్నవాడికి ఆ వాదనలో చోటు లేదు.

నేను పెట్టుకున్న కొలత ఒకటుంది. ప్రభుత్వం చేసే ఖర్చుకు, ఆ దేవుణ్ణి నమ్మని మనిషికి కూడా చెప్పగలిగే కారణం ఉందా? 2015 జూలై 14న రాజమహేంద్రవరంలో గోదావరి పుష్కరాల మొదటి రోజే తొక్కిసలాటలో రెండు డజన్లకు పైగా భక్తులు చనిపోయారు. లక్షల మంది ఒక ఘాట్‌కు వస్తారని తెలిసినప్పుడు బారికేడ్లు, వైద్యులు, రైళ్లు, పోలీసులు ఏర్పాటు చేయడం ప్రభుత్వం బాధ్యత. స్నానం వల్ల పుణ్యం వస్తుందా రాదా అన్నది దానికి అక్కర్లేని ప్రశ్న. ప్రాణాలు కాపాడాలన్న కారణం అందరిదీ. ఇక 2017 ఫిబ్రవరిలో అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు, రాష్ట్రం వస్తే చెల్లిస్తానన్న మొక్కు తీర్చుకుంటూ ప్రభుత్వం తరఫున సుమారు 5 కోట్ల రూపాయల ఆభరణాలు తిరుమలలో సమర్పించారు. రాష్ట్రం కోసం మొక్కుకున్నది కాబట్టి రాష్ట్రం చెల్లించడం న్యాయమేనని సమర్థించినవాళ్లున్నారు. ఆ భక్తిని నేను తప్పు పట్టను. కానీ మొక్కు ఒక మనిషికీ అతని దేవుడికీ మధ్య మాట. తెలంగాణ కోసం కొట్లాడినవాళ్లలో వేరే దేవుళ్లను కొలిచేవాళ్లు, ఏ దేవుణ్ణీ కొలవనివాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల తరఫున మొక్కు చెల్లించే హక్కు ఎవరికీ లేదు.

ఇప్పుడు మొదటి సంగతి. సభలోకి ఎవరు రావచ్చు?

1880లో ఇంగ్లండులోని నార్తాంప్టన్ ఓటర్లు చార్లెస్ బ్రాడ్లా అనే ప్రసిద్ధ నాస్తికుణ్ణి పార్లమెంటుకు ఎన్నుకున్నారు. సభ్యుడు దేవుడి పేరు మీద ప్రమాణం చేయాలి. తనకు నమ్మకం లేదు కాబట్టి ప్రమాణం బదులు మామూలుగా మాట ఇస్తానన్నాడు. సభ కుదరదంది. సరే, మీ ప్రమాణమే చేస్తానన్నాడు. నమ్మనివాడి ప్రమాణానికి విలువేముందని దానికీ అడ్డుపడ్డారు. ఒకసారి పార్లమెంటు గడియార స్తంభంలోనే నిర్బంధించారు. 1881 ఆగస్టులో పోలీసులు అతన్ని బయటికి ఈడ్చేశారు. సీటు ఖాళీ అయిందని ప్రకటించినప్పుడల్లా నార్తాంప్టన్ జనం మళ్లీ అతన్నే గెలిపించారు. ఇలా దాదాపు ఆరేళ్లు గడిచాక, 1886లో స్పీకరు ఇక ఎవరూ అభ్యంతరం చెప్పడానికి వీల్లేదని తేల్చడంతో అతను సభలో కూర్చున్నాడు. నమ్మకం లేనివాళ్లు ప్రమాణం బదులు ధ్రువీకరణ చేయవచ్చన్న చట్టాన్ని 1888లో పట్టుబట్టి సాధించింది కూడా అతనే.

ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చేది గ్లాడ్‌స్టన్ పాత్ర. ఆయన ప్రధానమంత్రి, పరమ నిష్ఠాపరుడైన క్రైస్తవుడు. బ్రాడ్లా భావాలంటే ఆయనకు గిట్టేవి కావు. అయినా 1883లో బ్రాడ్లాకు దారి తెరిచే బిల్లు కోసం సభలో గొప్ప ప్రసంగం చేశాడు. ఏదో ఒక దేవుణ్ణి నమ్మితే చాలు, లోపలికి రావచ్చన్న గీత క్రైస్తవానికి చేసే మేలేమీ లేదని, పౌరుడి హక్కును మాత్రం హరిస్తోందని ఆయన వాదన. బిల్లు 3 ఓట్ల తేడాతో ఓడిపోయింది. నమ్మకం ఉన్నవాడు తన నమ్మకాన్ని పక్కన పెట్టకుండానే, నమ్మకం లేనివాడి సీటు కోసం నిలబడిన సందర్భం అది.

దీనికి అద్దంలో బొమ్మ లాంటిది 1999 మే 2న టర్కీ పార్లమెంటులో జరిగింది. ఇస్తాంబుల్ ఓటర్లు ఎన్నుకున్న మెర్వె కవాక్చి తలకు స్కార్ఫ్ కట్టుకుని ప్రమాణ స్వీకారానికి వచ్చింది. బల్లలు చరుస్తూ, బయటికి పొమ్మని అరుస్తూ సభ్యులు గోల చేశారు. ఈ స్త్రీకి ఆమె హద్దు తెలియజెప్పండని ప్రధాని ఎజెవిట్ సభలోనే అన్నాడు. ఆమె ప్రమాణం చేయకుండానే వెళ్లిపోవాల్సి వచ్చింది. తర్వాత, అనుమతి లేకుండా అమెరికా పౌరసత్వం తీసుకుందన్న కారణంతో ఆమె టర్కీ పౌరసత్వం రద్దు చేశారు. ఆమె పార్టీని 2001లో న్యాయస్థానం మూసేసింది. 2007లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు, ఎన్నికల్లో పాల్గొనే ఆమె హక్కుకు భంగం కలిగిందని తీర్పు చెప్పింది. 2013 అక్టోబరులో నలుగురు మహిళా సభ్యులు స్కార్ఫ్‌లతో అదే సభలో అడుగుపెడితే ఎవరూ గోల చేయలేదు.

టర్కీలో లౌకికవాదం పేరు మీద ఉన్నది నిజానికి మతం నుంచి దూరం కాదు. 1924లో పెట్టిన ప్రభుత్వ మత వ్యవహారాల శాఖే మసీదులకు ఇమామ్‌లను నియమించి జీతాలిస్తుంది. అలాంటి రాజ్యం మతాన్ని తన గుప్పిట్లో పెట్టుకుని, ఇష్టం లేని రూపాన్ని తోసేస్తుంది. లండన్‌లో నమ్మకం లేదని, అంకారాలో నమ్మకం కనబడుతోందని మనిషిని బయటికి నెట్టారు. రెండు చోట్లా అసలు పోయింది ఓటరు హక్కు.

మన దేశానికి ఈ గొడవ రాకుండా చేసింది రాజ్యాంగంలోని ఒక చిన్న ఏర్పాటు. రాష్ట్రపతి దగ్గర నుంచి ఎమ్మెల్యే దాకా ఎవరైనా దైవసాక్షిగా ప్రమాణం చేయవచ్చు, లేదా మనస్సాక్షిగా ధ్రువీకరించవచ్చు. రెండింటికీ ఒకే విలువ. ప్రవేశిక విషయంలో మాత్రం రాజ్యాంగ సభ ఓటుదాకా వెళ్లింది. 1949 అక్టోబరు 17న హెచ్.వి. కామత్ "దేవుని పేరిట" అన్న మాటతో ప్రవేశిక మొదలుపెట్టాలని సవరణ తెచ్చాడు. దాన్ని వ్యతిరేకించినవాళ్లంతా నాస్తికులు కాదు. తిరువాన్కూరు నుంచి వచ్చిన పట్టం థాను పిళ్లై, తాను దేవుణ్ణి నమ్ముతానని, అయినా ఇది నమ్మకం విషయంలో బలవంతం అవుతుందని అన్నాడు. దేవుడి మీద ఓటు వేసే ఇబ్బందికర పరిస్థితిలోకి తమను నెట్టవద్దని పూర్ణిమా బెనర్జీ వేడుకుంది. కామత్ వినలేదు. అనుకూలంగా 41, వ్యతిరేకంగా 68 ఓట్లు పడ్డాయి.

"సెక్యులర్" అన్న మాట చేర్చాలని అంతకుముందే, 1948 నవంబరులో, కె.టి. షా తెచ్చిన సవరణను కూడా సభ తోసిపుచ్చింది. ఆ మాట 1976లో, ఎమర్జెన్సీ రోజుల్లో, 42వ సవరణతో ప్రవేశికలోకి వచ్చింది. వచ్చిన తీరు బాగాలేదని నేనూ అంటాను. అయితే ఆ మాట లేని 26 ఏళ్లూ 25 నుంచి 28 దాకా అధికరణలు ఉన్నాయి, ప్రమాణంలో రెండు దారులూ ఉన్నాయి. ఆ మాట తీసేయాలన్న పిటిషన్లను 2024 నవంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. ప్రవేశికలో దేవుడి పేరూ లేదు, చాలాకాలం సెక్యులర్ అన్న మాటా లేదు. రెండింటి మీద గట్టి అభిప్రాయాలున్నవాళ్లు కలిసి సంతకం పెట్టిన పత్రం అది.

అలా కలిసి పనిచేయడం ఎలా ఉంటుందో చూడాలంటే కృష్ణా జిల్లాకు రావాలి. గోరాగా అందరికీ తెలిసిన గోపరాజు రామచంద్రరావు 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. 1947లో దాన్ని విజయవాడ పటమటకు మార్చారు. అంటరానితనాన్ని కర్మ సిద్ధాంతం కాపాడుతోందని, మనిషి దేవుడి మీద భారం వేయడం మానితేనే సమానత్వం వస్తుందని ఆయన నమ్మకం. 1944 చివర్లో సేవాగ్రామంలో గాంధీని కలిశారు. విద్యార్థిగా లండన్‌లో ఉన్నప్పుడు బ్రాడ్లా అంత్యక్రియలకు వెళ్లిన గాంధీకి నాస్తికుడు కొత్త కాదు. ఇద్దరూ వాదించుకున్నారు, ఎవరూ ఎవర్నీ మార్చలేదు. కానీ అంటరానితనం పోవాలన్న పనిలో తేడా రాలేదు. గోరా తన పెద్ద కూతురు మనోరమను దళిత యువకుడు అర్జునరావుకు ఇచ్చి పెళ్లి చేయాలనుకున్నప్పుడు, సేవాగ్రామంలో తన సమక్షంలో చేస్తానని గాంధీ అన్నారు. నాస్తికుల ఇంటి పెళ్లి కాబట్టి, దేవుడి పేరు బదులు సత్యం పేరు మీద జరపడానికి ఒప్పుకున్నారు. ఆ రోజు రాకముందే గాంధీ హత్య జరిగింది. 1948 మార్చిలో ఆ పెళ్లి సేవాగ్రామంలోనే జరిగింది.

ఇక రెండో సంగతి, అంటే వాదన. మతంలోంచి పుట్టిన కారణాన్ని బహిరంగ చర్చలో చెప్పవచ్చా? అమెరికన్ తత్వవేత్త జాన్ రాల్స్ ఒక షరతు పెట్టాడు. చెప్పవచ్చు, కానీ తగిన సమయంలో ఆ మతం లేనివాళ్లకు కూడా అందే కారణం ఇవ్వాలి. జర్మన్ తత్వవేత్త హబర్‌మాస్ ఇంకొంచెం సడలించాడు. సామాన్య పౌరుడి మీద ఆ భారం వేయొద్దు, చట్టసభ గడప దగ్గర మాత్రం అందరి భాష ఉండాలన్నాడు. నాకు హబర్‌మాస్ వైపే మొగ్గు. కారణం కందుకూరి వీరేశలింగం. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో ఆయన మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు, ఊళ్లో జనంతో శాస్త్రాల భాషలోనే వాదించారు. పరాశర స్మృతి అడ్డు చెప్పలేదని చూపించారు. శాస్త్రం అడ్డుపెట్టుకున్నవాళ్లకు శాస్త్రంతోనే జవాబివ్వకపోతే ఆ రోజుల్లో ఎవరు వినేవాళ్లు? అయితే 1856 నాటి వితంతు పునర్వివాహ చట్టం ఎవర్నీ పెళ్లి చేసుకోమని బలవంతపెట్టలేదు, ఏ స్మృతి గొప్పదో తేల్చలేదు. ఇష్టపడి చేసుకున్న పెళ్లి చెల్లుతుందని మాత్రం చెప్పింది.

మతం పేరుతో ఓట్లడగడం మీద నిషేధం ఉంది కదా అనవచ్చు. ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) సెక్షన్ అదే చెబుతుంది. 2017 జనవరి 2న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దీని మీద 4-3గా చీలింది. అభ్యర్థి మతమే కాదు, ఓటర్ల మతం పేరుతో విజ్ఞప్తి చేసినా తప్పేనని మెజారిటీ అంది. జస్టిస్ చంద్రచూడ్ రాసిన మైనారిటీ తీర్పు, మతం వల్ల, కులం వల్ల అన్యాయానికి గురైనవాళ్లు దాని గురించి ఎన్నికల్లో మాట్లాడలేకపోతే ప్రజాస్వామ్యంలో మిగిలేదేమిటని అడిగింది. మైనారిటీ వైపే న్యాయం ఉందని నా అభిప్రాయం. ద్వేషం రెచ్చగొట్టడాన్ని ఆపడానికి అదే చట్టంలో వేరే సెక్షన్ ఉంది. మా వాళ్లకు అన్యాయం జరుగుతోందని చెప్పడం ద్వేషం కాదు.

దీనికి ఉదాహరణ మన ఊళ్లలోనే ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవంలోకి, ఇస్లాంలోకి వెళ్లిన దళితులు ఇంకా బయటే ఉన్నారు. కోస్తా జిల్లాల్లో ఆదివారం చర్చికి వెళ్తూ సర్టిఫికెట్‌లో హిందువుగా ఉండే కుటుంబాలు ఎన్నో మనకు తెలుసు. ఆ కుటుంబాన్ని అబద్ధంలో బతకమంటున్నది లౌకిక రాజ్యం చేసిన ఉత్తర్వే. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానించింది. అంతకుముందే, 2022 అక్టోబరులో, కేంద్రం మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన ఒక కమిషన్ వేసింది.

ఈ వాదనలో రెండు పక్షాలూ తరచుగా మత సిద్ధాంతంలోకి వెళ్తాయి. క్రైస్తవంలో కులం లేదు కదా, మరి హోదా ఎందుకని ఒకరు. హిందూ మతం వదిలినవాడు దాని నష్టాన్ని కూడా వదిలేశాడని ఇంకొకరు. బైబిలు కులం గురించి ఏమంటోందో తేల్చాల్సిన పని కమిషన్‌కు లేదు. మతం మారిన మాల, మాదిగ కుటుంబానికి ఊళ్లో అద్దెకు ఇల్లు దొరుకుతోందా, శ్మశానంలో చోటు వేరుగా ఉందా, వాళ్ల పిల్లలకు పై కులంవాళ్లతో పెళ్లి కుదిరితే ఏమవుతోంది అన్నవి తెలుసుకోవాలి. వీటికి జవాబులు ఆ ఊళ్లకు వెళ్లి అడిగితే దొరుకుతాయి.